చెల్లె చూపు అందే ఎత్తు

మా పెద్దమ్మ ఆషాఢం చివర్లో పోయింది. నల్లగొండ దవాఖానలో, రక్తం శుద్ధి చేసే మిషను పక్కన మంచం మీద, పొద్దు బాగా ఎక్కిన తర్వాత. నేను పక్కనే ఉన్నాను. ఎన్నో చావులను దగ్గరుండి చూసిన మనిషి కాబట్టి తనది వస్తున్నదని ఆమెకు తెలిసింది. "ఏడ్వకు. మొదలు మీ అమ్మకు చెప్పు. ఫోన్ల చెప్పకు, పోయి చెప్పు" అంది. ఆ తర్వాత ఇంకేమీ మాట్లాడలేదు.

మా అమ్మకు ఏదైనా చెప్పాలంటే ఎదురుగా నేల మీద కూర్చోవాలి. మాది మర్రిగూడ దిక్కు ఊరు. అక్కడి బోరు నీళ్లలోని ఫ్లోరైడు మా అమ్మ నడుమునూ మెడనూ ఎప్పుడో వంచేసింది. ఆమె చూపు నేల నుంచి మనిషి మోకాళ్ల దాకా అందుతుంది. ఆ పైన ఏం జరిగినా ఆమె చెవులతో తెలుసుకోవాల్సిందే. ఆ రోజు నేను బస్సు దిగి వాకిట్లోకి వచ్చేసరికి అమ్మ చాటలో కందిపప్పు ఏరుతున్నది. నా అడుగు చూసి చెయ్యి ఆపింది.

"చెప్పులేవి బిడ్డా?"

దవాఖాన వార్డు బయట విడిచిన చెప్పులు అక్కడే మరిచిపోయి, ఉత్త కాళ్లతో అంత దూరం వచ్చానని అప్పటిదాకా నాకే తెలియదు. నేను కింద కూర్చునేలోపే అమ్మ చాట పక్కన పెట్టింది. "మా అక్క పోయిందా" అంది. అది అడగడం కాదు. నేను ఊ అన్నాను. అమ్మ చాటలోని పప్పును అరచేత్తో ఒకవైపుకు జరుపుతూ చాలాసేపు కూర్చుంది.

ఇది చదువుతున్నవాళ్లకు పెద్దమ్మ ఎవరో చెప్పాలి. పేరు రాయను. ఆమె పేరు మా ఊళ్లోనే చాలామందికి తెలియదు. అందరికీ మిలిటరామె, లేకపోతే మిలిటరక్క. మా అమ్మకు సొంత అక్క. మిలిటరీ దవాఖానల్లో నర్సుగా చేసింది. మా దిక్కు నర్సు అంటే సూది వేసే మనిషి, అంతే. మిలిటరీలో నర్సమ్మ భుజం మీద నక్షత్రాలుంటాయనీ, మీసాలు మెలేసిన జవాన్లు ఆమె ఎదురైతే నిలబడి సెల్యూట్ కొడతారనీ ఎవరికీ తెలియదు. రిటైరయ్యే నాటికి మా పెద్దమ్మ మేజర్. ఈ మాట కూడా ఆమె చెప్పలేదు. ఒకసారి మాటల్లో నోరు జారితే నేను పట్టుకున్నాను.

ఇంటరు పాసైన ఏడాది, నల్లగొండలో ఎవరో టీచరమ్మ చెబితే, పరీక్ష రాసి వెళ్లిపోయిందట. మా తాత అడ్డం చెప్పలేదు. పైగా బస్టాండు దాకా పెట్టె మోశాడు. కానీ ఊరికి మాత్రం నిజం చెప్పలేకపోయాడు. ఆడపిల్ల ఒక్కతే అంత దూరంలో, అంతమంది మగవాళ్ల మధ్య కొలువు చేస్తున్నదని చెప్పడానికి ఆయనకు నోరు రాలేదు. మొదట్లో చదువుతాంది అన్నాడు. ఏళ్లు గడిచాయి. లగ్గం ఎప్పుడని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. ఒకనాడు కల్లు మండువ దగ్గర నలుగురూ కలిసి అడిగేసరికి, "అయింది. మిలిటరాయన. ఆడనే జేసినం" అనేశాడు.

అబద్ధానికి అన్నం పెట్టి సాకాలి కదా. అల్లుడేడి, పండుగకు రాడేమని మళ్లీ అడిగారు. సెలవు దొరకలేదు అన్నాడు. సరిహద్దు మీద ఉన్నాడు అన్నాడు. చెప్పీ చెప్పీ అలిసిపోయి, ఒక వేసవిలో సరిహద్దుల్లో కాల్పుల వార్తలు రేడియోలో వస్తున్నప్పుడు, అల్లుడు పోయిండు అన్నాడు. ఊరంతా వచ్చి పరామర్శించి పోయింది. మా తాత నోటితో పెండ్లి చేసి నోటితోనే తాళి తెంపాడు. ఆ వేసవిలోనే మా పెద్దమ్మ ఎక్కడో మంచు కొండల కింది దవాఖానలో, లారీల్లో వచ్చి దిగుతున్న పిల్లల గాయాలు కడుగుతూ ఉంది. తను విధవనైన సంగతి ఆమెకు తర్వాత సెలవులో ఇంటికి వస్తే తెలిసింది.

తెలంగాణ వచ్చిన ఏడాదే ఆమె రిటైరై ఊరికి వచ్చింది. హైదరాబాదులో ఉండొచ్చు. తోటివాళ్లందరూ అక్కడే ఉన్నారు. చెల్లె కోసం వచ్చింది. వచ్చిన ప్రతి సెలవుకూ చెల్లె ఒక బెత్తెడు కిందికి దిగి కనిపించేదట. ఒకే తల్లి కడుపున పుట్టి, ఒకే బాయి నీళ్లు తాగి పెరిగిన ఇద్దరు. ఒకామె ఊరు విడిచింది కాబట్టి నిటారుగా మిగిలింది. మా పెద్దమ్మ పళ్లకు కూడా ఆ నీళ్ల గార ఉండేది, కానీ నడుముకు ఏమీ కాలేదు. ఊళ్లో నడుస్తుంటే ఇనుప కడ్డీ మింగినట్టు ఉండేది. ఆ నిటారుతనం మీద ఆమెకు గర్వం లేకపోగా ఎంతో సిగ్గు. "నేనుగూడ ఈడనే ఉంటే ఇద్దరం ఒక్కతీరుగుందుము" అని ఒకసారి అంది. మా నాయన అప్పటికే లేడు. నేను టీచరు ఉద్యోగం కోసం నల్లగొండలో, పానగల్ రోడ్డున కిరాయి ఇంట్లో ఉంటున్నాను. ఊళ్లోని ఇంట్లో అక్కాచెల్లెండ్లు ఇద్దరే.

ఆమె వచ్చిన కొత్తలో ఎదురింట్లో పెండ్లి జరిగింది. నేనూ వెళ్లాను. కుంకుమ భరిణె పట్టుకున్న ఆమె నాకు బొట్టు పెట్టింది. మా పెద్దమ్మ దగ్గరికి వచ్చేసరికి పళ్లెం పక్కకు తిప్పి, అవతలి ఆమె దగ్గరికి పోయింది. ఇంటికి వచ్చి నేను అగ్గి మీద గుగ్గిలమయ్యాను. ఊరంతా తిరిగి చెప్తాను అన్నాను. పెద్దమ్మ కుర్చీలో కూర్చుని బూట్ల లేసులు విప్పుతూ, "ఏమని చెప్తవు? మీ తాత అబద్ధమాడిండనా? పోయినాయన్ను పట్టుకొని గుంజుతవా?" అంది.

"మరి నిన్ను గట్ల చూస్తుంటే?"

"మా ఆయనకేమైంది? మంచోడే. ఎన్నడు తాగి రాలె, ఒక్క దెబ్బ కొట్టలె. ఇసొంటి మొగడు ఈ ఊర్ల ఎవలికున్నడు?" అని నవ్వింది. నవ్వి, లేసులు మళ్లీ కట్టుకుని లోపలికి వెళ్లింది. ఆ రాత్రి అన్నం సగమే తిన్నదని తర్వాత అమ్మ చెప్పింది.

జిల్లా కేంద్రంలో ఒక ఆఫీసుకు ఏదో పని మీద ఆమెతో వెళ్లాను. ఏ ఆఫీసో చెప్పను, ఎక్కడైనా అదే జరిగేది. బల్ల వెనుక ఉన్నాయన కండ్లెత్తకుండానే, "మీ సారు మిలిటరీ కార్డు తెచ్చిండ్రా అమ్మా?" అన్నాడు. "సారును నేనే" అంది పెద్దమ్మ. ఆయనకు అర్థం కాలేదు. "మీ ఆయనదమ్మా" అన్నాడు. "మిలిటరీల ఉన్నది నేను బాబూ" అని ఆమె మళ్లీ చెప్పింది. ఆయన నొచ్చుకుని కుర్చీ చూపించాడు, మంచివాడే. బయటికి వచ్చాక, "చెప్పుకుంట పోతే బతుకంత చెప్పుడే అయితది" అంది. ఆ తర్వాత అలాంటి చోట్ల ఎవరేమనుకున్నా ఊరుకునేది.

ఊళ్లో రోగుల దగ్గర మాత్రం ఊరుకునేది కాదు. నీరసంగా ఉంది, సెలైన్ ఎక్కించమని వచ్చేవాళ్లను గుమ్మంలోనే ఆపేది. "అది ఉప్పు నీళ్లురా. ఇంటికి పోయి గంజిల ఉప్పేసుకొని తాగు, అంతే" అని తరిమేది. వాళ్లు తిట్టుకుంటూ వేరే ఊరి ఆరెంపీ దగ్గరికి పోయి ఎక్కించుకుని వచ్చేవాళ్లు. ఆమెతో నిజంగా పని ఉన్నవాళ్ల దగ్గరికి మాత్రం పిలవకుండానే వెళ్లేది. మా ఊళ్లో మంచం పట్టిన వంకర నడుముల వాళ్లు ఇంటికొకరు ఉన్నారు. తిరగలేరు, లేవలేరు. వీపున పుండ్లు పడతాయి. పెద్దమ్మ పోయి ముందు దుప్పటి తీసి వీపు చూసేది. కోడండ్లకు, మనుమరాండ్లకు పక్కకు ఎట్లా తిప్పాలో, కాళ్ల మధ్య దిండు ఎట్లా పెట్టాలో చేసి చూపించేది. "మొఖం చూసి మంచిగున్నవా అని అడుగుడు గాదు. వీపు చూడాలె. మొఖం అబద్ధమాడుతది" అనేది. ఈ మాట నేను బడిలో పిల్లల దగ్గర కూడా వాడుకున్నాను, వేరే అర్థంతో.

ఒకసారి అట్లా ఒక ఇంటి నుంచి వస్తూ దారిలో ఆగిపోయింది. ఆ ఇంట్లో ఉన్నది నా ఈడు మనిషి. ఎముకలన్నీ ముడుచుకుపోయి చంటిపిల్లంత అయ్యాడు. "వార్డుల కాళ్లు పోయినోళ్లను చూసిన బిడ్డా. వాళ్లకు బండి ఇస్తరు, పింఛనిస్తరు, పోయిన కాలుకు పతకమిస్తరు. ఈడ ఊరికి ఊరే గాయపడ్డది. తుపాకి చప్పుడు గూడ కాలె. వీళ్లు ఏ యుద్ధంల పోయిండ్రని రాస్తరు?" అంది. ఆ రోజు ఆమె గొంతులో ఏడుపు విన్నాను. ముఖం మాత్రం మామూలుగానే ఉంది.

ఇక బూట్ల సంగతి. రోజూ పొద్దున చాయ్ తాగాక అరుగు మీద కూర్చుని నల్ల బూట్లకు పాలిష్ పట్టేది. ఒక పాత బట్టను వేలికి చుట్టి, డబ్బాలో అద్ది, గుండ్రంగా రుద్దీ రుద్దీ, ఆ తర్వాత బ్రష్షుతో కొట్టేది. నేత చీర, కింద మిలమిలలాడే బూట్లు. ఊరికి ఇంతకన్నా మంచి తమాషా ఏముంటుంది? "మిలిటరక్కా, పరేడు ఏడ ఇయ్యాల?" అని పోయేవాళ్లూ వచ్చేవాళ్లూ అడిగేవాళ్లు. "నీ ఇంట్లనే. తాగి పండు, చెప్త" అని జవాబు చెప్పేది. ఒక ఆదివారం నేను కూడా ఉండబట్టలేక అడిగాను.

"ఇంట్లనే ఉంటవు గదా పెద్దమ్మా. రోజు గింత మెరిపిస్తే ఎవలు చూస్తరు?"

ఆమె గడ్డంతో లోపలికి చూపించింది. అమ్మ వంటింట్లో గోడ పట్టుకుని నడుస్తున్నది.

"అది చూస్తది. దాని చూపు ఈడిదాకనే అందుతది. నాకా మోకాళ్లు వంగుతలెవ్వు, కింద కూసోరాదు. దానికి కనపడే అక్క అంటే గీ బూట్లే. గవన్న మంచిగుండాలె గదా."

ఇది చెప్పి మళ్లీ బ్రష్షు అందుకుంది. నేను లేచి వంటింట్లోకి పోయి, పని లేకున్నా అమ్మ పక్కన నిలబడ్డాను. అప్పటి నుంచి ఇంటికి పోయేముందు నా చెప్పులు కడుక్కునేదాన్ని.

ఆమె జబ్బును ముందు కనిపెట్టింది డాక్టర్లు కాదు, అమ్మ. ఒకనాడు ఫోన్ చేసి, "బిడ్డా, జర వచ్చిపో. నాలుగొద్దులాయె, అక్క బూట్లు తుడుస్తలేదు" అంది. నేను వెళ్లేసరికి పెద్దమ్మ పట్టపగలు మంచంలో పడుకుని ఉంది. పగలు పడుకోవడం ఆమె ఎరగదు. కాళ్లు ఉబ్బి ఉన్నాయి. అమ్మ మంచం పక్కన నిలబడి ఉంది. వంగిన మెడకు మంచం సరిగ్గా ఎదురుగా ఉంది. అక్క ముఖాన్ని అంత తీరికగా, పగటి వెలుగులో, ఆమె ఎన్నేళ్లకు చూసిందో.

"అక్కా, నువ్వు గింత ముసలిదానివెప్పుడైనవే?" అంది అమ్మ.

"నీకు కనపడకుండ దాచిపెట్టిన" అంది పెద్దమ్మ.

ఇద్దరూ నవ్వారు. నవ్వుతూనే అమ్మ ఆమె చెంపలూ నుదురూ వేళ్లతో తడిమింది. నేను బయటికి వచ్చి ఆటోకు ఫోన్ చేశాను.

మూత్రపిండాలు చెడిపోయాయి అన్నారు నల్లగొండలో. ఎందుకని అడిగితే, వయసు, బీపీ, ఏవేవో చెప్పారు. అమ్మ మాత్రం, "మా నీళ్లే మింగినయి. చిన్నప్పుడు వదిలిపెట్టినయి, మళ్ల పట్టుకున్నయి" అంటుంది. నిజమేదో నాకు తెలియదు. ఇప్పుడు ఇంటింటికీ కృష్ణా నీళ్ల నల్లా ఉంది. మా అమ్మ ఆ నల్లా తిప్పి నీళ్లు పట్టుకుంటున్నప్పుడు చూస్తే నాకు కడుపు మండుతుంది. ఆమె వంగిపోయిన తర్వాత వచ్చాయవి. పెద్దమ్మకు చివరి ఏడాదంతా దవాఖానకూ ఇంటికీ తిరగడంతోనే సరిపోయింది. చెల్లె కన్నా ముందు పోకూడదని ఒకటే పట్టుగా ఉండేది. వార్డులో పడుకుని కూడా, "మీ అమ్మను పక్కకు తిప్పేదెవలు నేను పోతే" అనేది. ఆ పట్టు నెరవేరలేదు.

పెద్దమ్మను ఊరికి తెచ్చింది మా మేనమామ కొడుకు. మా మామ లేడు, వీడొక్కడే మగదిక్కు. మాకు దగ్గర్లోని మాల్ అనే ఊళ్లో సెల్‌ఫోన్ల షాపు నడుపుతాడు. పెద్దత్త అంటే వాడికి ప్రాణం. తలకొరివి పెట్టింది వాడే. ఆ రోజు స్నానం చేయించిన ఆడవాళ్లు పెద్దమ్మకు పసుపు రాయలేదు, బొట్టు పెట్టలేదు. మొగడు పోయిన మనిషి అని. బోసి నుదురుతో ఆమెను పాడె మీదికి ఎత్తుతుంటే నేను నోరు తెరిచాను. నా పక్కనే కూలబడి ఉన్న అమ్మ నా చీలమండ గట్టిగా పట్టుకుంది. చెప్పొద్దని. నేను నోరు మూసుకున్నాను. అమ్మ గోళ్లు దిగిన చోట రెండు రోజులు నొప్పి పెట్టింది.

దినాల రోజు పొద్దున, ఇల్లు అలికి, గోడలకు సున్నం వేసి, చుట్టాల కోసం చూస్తున్నాం. మా మేనమామ కొడుకు ఆటోలో ఫ్లెక్సీ చుట్ట తీసుకుని దిగాడు. మా దిక్కు ఇప్పుడు ఫ్లెక్సీ లేని చావు లేదు. మనిషి బతికినన్నాళ్లూ పేరు పెట్టి పిలవనివాళ్లు కూడా చచ్చాక నిలువెత్తు బొమ్మ వేయిస్తారు. వాడు ఇద్దరు దోస్తులతో రెండు గుంజలకు ఎత్తుగా కట్టించాడు. మంచి ఫోటో వెతికాడు, పెద్దమ్మ నవ్వుతున్నది. ఆమె పక్కన ఎవరో మీసాల జవాను తుపాకి పట్టుకుని నిలబడి ఉన్నాడు. వెనుక జెండా. వచ్చినవాళ్లు తలలెత్తి చూసి మంచిగున్నది, మంచిగున్నది అంటున్నారు.

గడప మీద కూర్చున్న అమ్మకు గుంజల మొదళ్లు తప్ప ఏమీ కనిపించవు. "ఏం రాసిండ్రు బిడ్డా? జర సదువు" అంది.

నేను చదువుకున్నాను, లోపల. 'దేశం కోసం అమరుడైన వీర జవాను ధర్మపత్నికి కన్నీటి నివాళి.' ఆ కింద పెద్దమ్మ పేరు.

పైకి ఇంకోలా చదవొచ్చు. తలెత్తలేని మనిషి ఎట్లాగూ చూడదు. దేశానికి సేవ చేసిన తల్లి అని చదివితే సంతోషపడుతుంది, ఆ పూట గడిచిపోతుంది. నిజంగానే ఆ మాటలు నోటిదాకా వచ్చాయి. కానీ మొఖం అబద్ధమాడుతది, వీపు చూడాలె అన్న పెద్దమ్మ మాట అడ్డం వచ్చింది. ఉన్నది ఉన్నట్టు చదివాను.

అమ్మ గోడకు చెయ్యి ఆనించి లేచింది.

"దించుండ్రి" అంది.

మా మేనమామ కొడుకు పరుగెత్తుకుని వచ్చాడు. "గదేంది అత్తమ్మా? చుట్టాలొచ్చే యాల్లయింది. నాకెరుకలేదా ఏంది? మర్యాదుంటదని రాయించిన. మొగడు లేడని రాస్తే నలుగురు నాలుగు తీర్లనరా? తాత చెప్పిన మాటే గదా."

"మీ తాత చెప్పింది నీకన్న ముందు నాకెరుక. దించు."

దించారు. వాకిట్లో పరిచారు. అమ్మ దాని పక్కన కూర్చుని, చూపు ఒకవైపు నుంచి ఇంకోవైపుకు మెల్లగా జరుపుతూ పోయింది. జవాను దగ్గర ఆగింది.

"గీ మీసాలాయన ఎవలు?"

"ఎవలో అత్తమ్మా. కంప్యూటర్ల దొరికిండు."

అమ్మ బొమ్మలోని జవాను కాళ్ల దిక్కు వంగి చూసింది. "బూట్ల నిండ దుమ్మే. గీన్ని మా అక్క వార్డులకే రానియ్యకపోయేది" అంది.

ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. అమ్మ నవ్వలేదు. వాకిట్లో ఉన్నవాళ్లందరికీ వినపడేట్టు, నేలను చూస్తూనే మాట్లాడింది.

"ఇనుండ్రి. మా అక్కకు లగ్గం కాలె. మొగడు లేడు, సావనూలేదు. మిలిటరీల ఉన్నది అదే. మా నాయిన అబద్ధమాడిండు. నేను ఎరుకుండి నోరు మూసుకున్న, మొన్న పాడె లేసినప్పుడు గూడ మూసుకున్న. బొట్టు పెట్టేటోళ్ల కాళ్లు మా అక్క బూట్ల కాడిదాక వచ్చి పక్కకు తిరిగేటియి. మొఖాలు నాకెరుక లేదు. కాళ్లు ఎరుకే. ఎవలెవలియో చెప్పాల్నా?"

వాకిట్లో నిలబడ్డ ఆడవాళ్లలో ఒకరిద్దరు పాదాల మీదికి చీర కుచ్చిళ్లు జార్చుకున్నారు. మా మేనమామ కొడుకు గుంజకు ఆనుకుని కన్నీళ్లు పెట్టుకున్నాడు. వాడి మీద నాకు కోపం రాలేదు. వాడు నిజంగా మర్యాదే అనుకున్నాడు.

గోడలకు వేయగా మిగిలిన సున్నం బకెట్లో ఉంది. అమ్మ గుడ్డ ముంచి మీసాలాయన మీద పూసింది. పూర్తిగా పోయేదాకా పూసి, ఆ రాత మీద కూడా పూసింది. తర్వాత అరచేతిలో కొంచెం పసుపు వేయించుకుని, సున్నం చేత్తో కలిపింది. రెండూ కలిసి ఎర్రనయ్యాయి. దాంతో ఫోటోలోని నుదుటి మీద బొట్టు పెట్టింది. మొన్న పెట్టనిది.

"ఇప్పుడు రాయి" అంది నాతో.

రాయడానికి ఏమీ దొరకలేదు. అరుగు మీద పెద్దమ్మ పాలిష్ డబ్బా ఉంది. మూత తీసి వేలు అద్ది, ఆరిన సున్నం మీద ఆమె పేరుకు ముందు మేజర్ అని రాశాను. కింద మిలిటరీ నర్సు అని రాశాను. అమ్మ చదువుకోలేదు. ఎన్ని అక్షరాలున్నాయో, ఏది ఏదో వేలు పెట్టి చూపించమని చెప్పించుకుంది.

మళ్లీ పైన కట్టనివ్వలేదు. అరుగు కింద గోడకు, నేలను ఆనించి కట్టించింది, తనకు అందే ఎత్తులో. దినాలకు వచ్చిన చుట్టాలు, ఊరివాళ్లు, అందరూ దాన్ని చూడాలంటే నడుము వంచాల్సి వచ్చింది. మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, మెడలు ముందుకు చాచి చూశారు. వంగి ఉన్న ఆ వరస మధ్యలో అమ్మ కూడా ఉంది. ఆ పూట ఎవరు మా అమ్మో వెనుక నుంచి చూస్తే తెలియలేదు.

పోయిన మనిషి బట్టలు, చెప్పులు ఇంట్లో ఉంచుకోకూడదు అంటారు. బట్టలు ఇచ్చేశాం. బూట్లు అమ్మ ఇవ్వలేదు. ఫ్లెక్సీ ముందు జతగా పెట్టుకుంది. వంకర పోయిన వేళ్లతో పాలిష్ పట్టడం రాదు, అయినా పడుతుంది. మునుపటి మెరుపు రాదు.

వానలు పడుతూనే ఉన్నాయి. పడ్డప్పుడల్లా సున్నం కరిగి కారిపోతుంది. దాంతోపాటు నా రాత కూడా పోతుంది. కింది నుంచి ముందు తుపాకి, తర్వాత మీసాలు, ఆ తర్వాత వీర జవాను ధర్మపత్ని అన్న మాట మెల్లగా బయటికి వస్తాయి. అమ్మ మళ్లీ సున్నం కలుపుతుంది. నేను ఆదివారం బస్సుకు పోయి, ఆమె పక్కన నేల మీద కూర్చుని, డబ్బాలో వేలు అద్ది మళ్లీ రాసి వస్తాను. ఎంత కడిగినా ఆ నలుపు గోరు సందులోంచి పూర్తిగా పోదు. సోమవారం పొద్దున బడిలో సుద్దముక్క పట్టుకుని బోర్డు వైపు తిరిగినప్పుడు నా వేలికి ఇంకా పెద్దమ్మ వాసన వస్తూ ఉంటుంది.